పాత కంప్యూటర్ మొత్తం వర్చువల్‌లోకి వచ్చింది, షేర్ ఫోల్డర్ తప్ప: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా ఆఫీసులో లెక్కల ప్రోగ్రామ్ ఒకటి పాత విండోస్ 7 కంప్యూటర్‌లో నడుస్తుంది. దాన్ని తయారుచేసిన వాళ్లు ఆ పని ఎప్పుడో మానేశారు, ఇన్‌స్టాల్ చేసే సీడీ లేదు. ఐదుగురం రోజూ తెరిచే ఫైళ్లు కూడా అందులోనే ఒక షేర్ ఫోల్డర్‌లో ఉండేవి. హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదలయ్యాక ఇక ఆగలేక, ఆ కంప్యూటర్‌ను ఉన్నది ఉన్నట్టుగా వర్చువల్ మెషిన్‌గా (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్‌గా) మార్చి కొత్త కంప్యూటర్‌లో పెట్టాను. రెండున్నరేళ్లయింది. ఇప్పటికీ రోజూ నడుస్తోంది. అయినా ఎవరైనా దీని గురించి అడిగితే నా నోటి నుంచి ముందు వచ్చేది షేర్ ఫోల్డర్ మాటే.

మార్చడం ఎలాగో ఇక్కడ రాయను, అది అందరికీ తెలిసిందే. రాత్రి పెట్టి వెళ్తే ఉదయానికి వంద శాతం పూర్తయింది. స్విచ్ వేస్తే అదే వాల్‌పేపర్, అవే ఐకాన్లు, అదే లెక్కల ప్రోగ్రామ్. మొదటిసారి లాగిన్ అయినప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి. ఆ వారం కనబడిన వాళ్లందరికీ "ఉన్నది ఉన్నట్టుగా వచ్చేసింది" అని చెప్పుకున్నాను. ఆ మాట తప్పు కాదు. కానీ ఉన్నది ఉన్నట్టుగా రావడం వల్లే నాకు కష్టాలన్నీ వచ్చాయని అప్పుడు తెలియదు.

ఆ షేర్ ఫోల్డర్ మా వాళ్ల కంప్యూటర్లలో ఎఫ్ డ్రైవ్‌గా కనబడుతుంది. ఉదయం పదింటికి మొదటి ఫోన్. "అన్నా, ఎఫ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు వస్తోంది, తెరిస్తే నెట్‌వర్క్ పాత్ కనబడలేదంటోంది." ఎర్రర్ నంబర్ 0ఎక్స్80070035. ఐదు నిమిషాల్లో మిగతా ముగ్గురూ అదే మాట.

వర్చువల్ మెషిన్‌లో చూస్తే ఇంటర్నెట్ చక్కగా వస్తోంది. దాంతో నెట్‌వర్క్ బాగానే ఉందని నమ్మేశాను. ఆ నమ్మకం వల్ల పూట వృథా. కొత్తగా చేసిన వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ నాట్ పద్ధతిలో ఇచ్చి ఉంది. నాట్‌లో లోపలి కంప్యూటర్ బయటికి వెళ్లగలదు, బయటి కంప్యూటర్లు లోపలికి రాలేవు. బ్రౌజర్ పనిచేయడానికి అది చాలు, ఫైళ్లు పంచడానికి చాలదు. వర్చువల్ మెషిన్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు నేరుగా కలిపే బ్రిడ్జ్‌డ్ పద్ధతికి మార్చాక రౌటర్ దానికి సొంత ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబర్, ఇచ్చింది: 192.168.1.107. బ్రిడ్జ్ ఏ నెట్‌వర్క్ కార్డు మీదుగా వెళ్లాలన్నది ఆటోమేటిక్‌కు వదలకుండా కేబుల్ ఉన్న కార్డునే ఎంచుకోవడం మంచిది. నేను వదిలేశాను, రెండు రోజుల తర్వాత అది వైఫై మీదికి దూకి మళ్లీ ఇంకో ఫోన్ తెచ్చిపెట్టింది.

అప్పటికీ ఫోల్డర్ రాలేదు. ఆ కంప్యూటర్ అందుతోందా అని చూసే పింగ్‌కు కూడా జవాబు లేదు. విండోస్ 7 కొత్త కార్డును చూడగానే ఇది ఇంటి నెట్‌వర్కా, ఆఫీసుదా, పబ్లిక్‌దా అని అడుగుతుంది. పొద్దున హడావుడిలో ఆ కిటికీని నేనే మూసేశాను. మూసేస్తే అది పబ్లిక్ అనుకుంటుంది, ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను ఆపేస్తుంది. వర్క్ అని మార్చగానే పింగ్ పలికింది, కంప్యూటర్ పేరుతో తెరిస్తే ఫోల్డర్ వచ్చింది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

అసలు కథ ఇక్కడే మొదలైంది. మా వాళ్ల డ్రైవులు కంప్యూటర్ పేరుతో కాదు, ఐపీ నంబర్‌తో కలిపి ఉన్నాయి. పాత కంప్యూటర్‌కు ఏళ్ల క్రితం 192.168.1.50 అని స్థిరంగా ఇచ్చి ఉంచాం. స్కానర్ స్కాన్ చేసిన కాగితాలు పంపేది ఆ నంబర్‌కే. ఒక ఎక్సెల్ ఫైల్ నుంచి ఇంకో ఎక్సెల్ ఫైల్‌కు ఉన్న లింకులు వందల్లో, అన్నీ ఆ నంబర్ మీదే. కాబట్టి నంబర్ మార్చుకుని సర్దుకుపోయే వీలు లేదు. వర్చువల్ మెషిన్‌కు మళ్లీ .50 ఇవ్వాల్సిందే.

ఇవ్వబోతే నాలుగైదు లైన్ల సందేశం ఒకటి వచ్చింది. ఈ ఐపీ ఇప్పటికే ఇంకో అడాప్టర్‌కు ఇచ్చి ఉంది, ఆ అడాప్టర్ ఇప్పుడు ఈ కంప్యూటర్‌లో లేదు, దాని సెట్టింగులు తీసేయమంటారా అని. ఎస్, నో బటన్లు. తీసేయడం అన్న మాట చూడగానే గుండె ఝల్లుమంది. రాత్రంతా కష్టపడి తెచ్చిన కంప్యూటర్‌లో ఏదో తీసేస్తానంటోంది కదా! నో నొక్కి కిటికీ మూసేశాను. అంతకన్నా పెద్ద పొరపాటు, ఆ సందేశాన్ని సగమే చదివి, నెట్‌వర్క్‌లో ఇంకేదో పరికరం .50ను పట్టుకుని కూర్చుందని అర్థం చేసుకోవడం.

ఇక రెండు రోజులు ఆ పరికరం కోసం వెతికాను. రౌటర్‌లో జాబితా తీశాను. ఫోన్లు, ప్రింటర్, కెమెరాలు, వైఫై రిపీటర్ ఒక్కొక్కటీ ఆపి చూశాను. రౌటర్‌ను రెండుసార్లు రీసెట్ చేశాను. మా వాళ్లు పెన్‌డ్రైవ్‌లతో ఫైళ్లు మోసుకుంటున్నారు, ఒకే ఫైల్‌కు మూడు రకాల కాపీలు తయారవుతున్నాయి. రాత్రి పడుకుంటే ఆ టెన్షనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో తెలిసింది, ఎందుకంటే ఆ .50 వర్చువల్ మెషిన్ లోపలే ఉంది.

మూడో రోజు సాయంత్రం, విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీని చూపించే రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి 192.168.1.50 అని వెతికాను. టీసీపీఐపీ పారామీటర్స్ కింద ఇంటర్‌ఫేసెస్ అని ఒక భాగం ఉంటుంది. అక్కడ ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య, దాని కింద ఐపీ వివరాలు ఉంటాయి. ఇప్పుడు పనిచేస్తున్న కార్డు కింద .107 ఉంది. దాని పైన ఇంకో దాని కింద .50 ఉంది, గేట్‌వే, డీఎన్‌ఎస్ అనే మిగతా నెట్‌వర్క్ సెట్టింగులతో సహా. అది పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీది కార్డు. ఆ మదర్‌బోర్డు బల్ల కింద ఉన్న పాత డబ్బాలో ఉంది, దాని జ్ఞాపకం మాత్రం డిస్క్‌తో పాటు వచ్చేసింది. విండోస్ దృష్టిలో ఆ కార్డు పోలేదు, తాత్కాలికంగా ఊడదీశారంతే. మళ్లీ పెడతారేమోనని దాని నంబర్‌ను అట్టే పెట్టి ఉంచింది. కొత్త కార్డు పేరు లోకల్ ఏరియా కనెక్షన్ 2 అని ఎందుకు ఉందో కూడా అప్పుడు అర్థమైంది. ఒకటో నంబర్‌ది ఇంకా బతికే ఉంది మరి.

లేని పరికరాలను విండోస్ 7 డివైస్ మేనేజర్ మామూలుగా చూపించదు. హిడెన్ డివైసెస్ చూపించు అన్నా చూపించదు. ముందు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘సెట్ డెవ్‌ఎంజీఆర్_షో_నాన్‌ప్రెజెంట్_డివైసెస్=1’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. తర్వాత అదే కిటికీలో నుంచి డివైస్ మేనేజర్‌ను పిలవాలి. అదే కిటికీ అన్నది ముఖ్యం. నేను కమాండ్ ఇక్కడ కొట్టి, డివైస్ మేనేజర్‌ను స్టార్ట్ మెనూ నుంచి తెరిచాను. ఏమీ కనబడలేదు. ఆ కమాండ్ ప్రభావం ఆ ఒక్క కిటికీకీ, దాని నుంచి తెరిచినవాటికీ మాత్రమే ఉంటుందని తెలియక ఇంకో గంట పోయింది.

సరిగ్గా తెరిచాక వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ టిక్ పెడితే, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద వెలిసిపోయిన ఐకాన్లతో పాతవన్నీ వరుసగా కనబడ్డాయి. మదర్‌బోర్డు కార్డు, ఎప్పుడో వాడిన యూఎస్‌బీ వైఫై, ఇంకా విండోస్ తనకోసం పెట్టుకున్నవి కొన్ని. ఆ చివరివాటిని ముట్టుకోలేదు. అసలైన పాత కార్డులు రెండింటినీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, .50 ఇచ్చాను. ఈసారి ఏ సందేశమూ రాలేదు. ఐదో నిమిషంలో పక్క గది నుంచి "ఎఫ్ వచ్చేసిందన్నా" అన్న కేక వినబడింది. ఇంత చిన్న మాటకు అంత సంతోషం నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

నా కోపం ఎక్కడంటే, మార్చే సాఫ్ట్‌వేర్ చివర్లో విజయవంతం అని పచ్చ గుర్తు చూపించిందే తప్ప, నెట్‌వర్క్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. డిస్క్‌లో ఉన్నదంతా మోసుకురావచ్చు. నెట్‌వర్క్ కార్డు డిస్క్‌లో ఉండదు. కొత్త మెషిన్‌కు కొత్త కార్డు, కొత్త మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు నంబర్) వస్తాయి, పాత ఐపీ పాత కార్డుతోనే ఉండిపోతుంది. ఇది దాన్ని రాసినవాళ్లకు తెలియని సంగతి కాదు. మీ పాత ఐపీ ఫలానా, కొత్త కార్డుకు మళ్లీ ఇచ్చుకోండి అని ఒక్క వాక్యం చూపించి ఉంటే మాకు మూడు రోజులు మిగిలేవి. విండోస్ సందేశం మాత్రం సరిగ్గానే చెప్పింది. ఆ రోజే ఎస్ నొక్కి ఉంటే ఆ నంబర్ విడుదలయ్యేది.

ఆ తర్వాత కొంతకాలం దాదాపు శాంతిగా గడిచింది. దాదాపు అంటున్నాను, ఎందుకంటే మధ్యలో ఒకసారి నా చేతులతో నేనే చెడగొట్టాను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు అది చొరబడింది ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. ఆ లోపానికి మార్చిలోనే అప్‌డేట్ వచ్చింది, పెట్టుకోనివాళ్లు దెబ్బతిన్నారు. మా స్కానర్‌కు ఎస్‌ఎంబీ1 తప్ప వేరేది రాదు, కాబట్టి నేను దాన్ని ఆపలేను. కనీసం వర్చువల్ మెషిన్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుదామని ఐపీ సెట్టింగుల్లో గేట్‌వే గడిని ఖాళీ చేశాను. గేట్‌వే లేకపోతే ఆఫీసు నెట్‌వర్క్ దాటి వెళ్లలేదు కదా అని. మంచి ఆలోచనే. కానీ మర్నాడు షేర్ ఫోల్డర్ మళ్లీ మాయం.

విండోస్ ఒక నెట్‌వర్క్‌ను గుర్తుపట్టేది గేట్‌వేను చూసే. అది లేకపోతే అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అంటుంది, అన్‌ఐడెంటిఫైడ్ అయితే పబ్లిక్ అంటుంది, పబ్లిక్ అయితే షేరింగ్ ఆపేస్తుంది. ఈసారి ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి అరగంటలో పట్టుకున్నాను. లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్ అని ఉంటుంది, అందులో అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్‌ను ప్రైవేట్ చేస్తే సరిపోయింది. ఇది ప్రొఫెషనల్ ఎడిషన్‌లో ఉంటుంది, హోమ్‌లో ఈ కిటికీ ఉండదు.

ఇంకోసారి, పెద్ద ఫైళ్లు నెమ్మదిగా కాపీ అవుతున్నాయని వర్చువల్ కార్డు రకాన్ని మార్చాను. కంప్యూటర్‌ను వర్చువల్‌గా మార్చినప్పుడు ఇంటెల్ కార్డులా నటించే రకం వచ్చింది, వర్చువల్ మెషిన్ల కోసమే తయారుచేసిన రకం దానికన్నా చురుగ్గా ఉంటుంది. వేగం పెరిగింది, కంటికి తెలిసేంత. కానీ విండోస్‌కు అది మళ్లీ కొత్త కార్డే. మళ్లీ .50 పాతదాని దగ్గర ఉండిపోయింది, మళ్లీ అదే సందేశం. ఈసారి మొత్తం చదివి ఎస్ నొక్కాను. పది నిమిషాల పని.

ఇక ఈ రెండున్నరేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టిన రోజు గురించి చెప్పాలి. మార్చిన తర్వాత పాత డబ్బాను పారేయలేదు. ఏదైనా అయితే ఆధారం ఉంటుందని బల్ల కింద అలాగే ఉంచాం, నెట్‌వర్క్ కేబుల్ కూడా తీయకుండా. ఏడో నెలలో మా వాళ్లలో ఒకరు ఏదో పాత ప్రింటర్ డ్రైవర్ కావాలని ఉదయాన్నే దాన్ని ఆన్ చేశారు. తప్పేం లేదు, ఆన్ చేయకూడదని నేను ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా అదే సమయానికి వర్చువల్ మెషిన్ ఉన్న కొత్త కంప్యూటర్ అప్‌డేట్ల కోసం రీస్టార్ట్ అవుతోంది.

పాత డబ్బా లేచి తన .50ను తాను తీసుకుంది. తర్వాత లేచిన వర్చువల్ మెషిన్ ఆ నంబర్ వాడకంలో ఉందని చూసి, 169.254తో మొదలయ్యే నంబర్ వేసుకుని పక్కకు తప్పుకుంది. దానికి తెర ముందు మనిషి ఎవరూ ఉండరు కాబట్టి హెచ్చరిక వచ్చినా చూసేవాళ్లు లేరు. మా వాళ్లకు ఎఫ్ డ్రైవ్ మామూలుగానే తెరుచుకుంది. ఎర్ర గుర్తు లేదు, ఎర్రర్ లేదు. అవే ఫోల్డర్లు, అదే పేరు. ఒక్కటే తేడా, గత ఏడు నెలల ఫైళ్లు లేవు.

మధ్యాహ్నం వరకు ఎవరూ గమనించలేదు, కొత్త ఫైళ్లు సేవ్ చేస్తూ పోయారు. పన్నెండున్నరకు ఒకరు వచ్చి "పోయిన నెల ఫోల్డరే లేదన్నా" అన్నప్పుడు ఒళ్లు చల్లబడిపోయింది. వర్చువల్ మెషిన్ ఏదో పాత స్నాప్‌షాట్‌కు, అంటే ముందెప్పుడో భద్రపరిచిన స్థితికి, వెళ్లిపోయిందనుకున్నాను. దాన్ని తెరిచి చూస్తే లోపల అన్ని ఫైళ్లూ ఉన్నాయి! లోపల ఉన్నవి బయట కనబడవు. బయట సేవ్ చేసినవి లోపల లేవు.

దారి చూపించింది మ్యాక్ అడ్రస్. నా ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఏఆర్‌పీ జాబితా తీస్తే ఏ ఐపీ వెనుక ఏ కార్డు ఉందో తెలుస్తుంది. వర్చువల్ కార్డుల మ్యాక్ మొదటి మూడు జతలను చూసి గుర్తుపట్టవచ్చు. వీఎంవేర్ అయితే 00-0సీ-29 లేదా 00-50-56, వర్చువల్‌బాక్స్ అయితే 08-00-27, హైపర్-వీ అయితే 00-15-5డీ. .50 వెనుక ఉన్నది వీటిలో ఏదీ కాదు. అంటే ఎక్కడో నిజమైన కార్డు ఒకటి మాట్లాడుతోంది. బల్ల కిందికి వంగి చూస్తే పాత డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతోంది.

కేబుల్ పీకేసి, వర్చువల్ మెషిన్‌ను రీస్టార్ట్ చేసి, ఆ పూట పాతదాంట్లో సేవ్ అయిన ఫైళ్లను తేదీ, సమయం చూసి ఒక్కొక్కటే తీసుకొచ్చి కలిపాం. ముప్పై ఎనిమిది ఫైళ్లు. రాత్రి ఎనిమిది దాటింది. ఆ రాత్రే పాత డబ్బాలో డిస్క్ ఊడదీసి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టాను. మార్చిన మొదటి రోజే చేయాల్సిన పని ఇది. ఒకే పేరు, ఒకే ఐపీ ఉన్న రెండు కంప్యూటర్లు ఒకే కేబుల్ మీద ఉండకూడదు. కనీసం కేబుల్ అయినా తీసేయండి.

స్నాప్‌షాట్ గురించి మొదట్లో నేను చాలా గొప్పగా చెప్పేవాణ్ని. ఏదైనా చెడితే ఒక్క క్లిక్‌తో నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చని. లెక్కల ప్రోగ్రామ్ వరకు అది ఇప్పటికీ నిజమే, రెండుసార్లు కాపాడింది. కానీ అందరి ఫైళ్లూ అదే వర్చువల్ డిస్క్‌లో ఉంటే వెనక్కి వెళ్లినప్పుడు నలుగురి పని కూడా వెనక్కి పోతుంది. ఇప్పుడు ఫైళ్లకు వేరే వర్చువల్ డిస్క్ పెట్టి, దాన్ని స్నాప్‌షాట్ నుంచి మినహాయించాను.

ఇటీవల ఒక కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది, విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్. దానికి షేర్ ఫోల్డర్ రాలేదు. మీ సంస్థ భద్రతా నియమాలు గెస్ట్ ప్రవేశానికి ఒప్పుకోవు అని సందేశం. మాకు అలాంటి నియమాలేవీ లేవు. పాత ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచి ఉంచాం, ఆ అలవాటు కూడా ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది. కొత్త విండోస్ అలాంటి ఫోల్డర్‌ను నమ్మదు. ల్యాప్‌టాప్‌లో ఆ రక్షణను సడలించే దారి ఉంది, కానీ నాకు మనసొప్పలేదు. వర్చువల్ మెషిన్‌లో పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ను తయారుచేసి ఫోల్డర్‌కు అనుమతి ఇచ్చాను, వెంటనే తెరుచుకుంది. మిగతా నలుగురినీ కూడా పాస్‌వర్డ్‌కు మార్చాను. కాస్త విసుక్కున్నారు, అలవాటయ్యారు.

మరి మీరూ ఇలా మార్చుకోవచ్చా అంటే, నా పరిస్థితి వేరు. ఆ లెక్కల ప్రోగ్రామ్ కోసం నాకు వేరే దారి లేదు. దాని విషయంలో ఈ రెండున్నరేళ్లలో ఒక్కరోజు కూడా బాధపడలేదు, ఇవాళ మళ్లీ చేయాల్సి వచ్చినా చేస్తాను. మీకు కావల్సింది ఫైళ్లు మాత్రమే అయితే వాటికోసం పాత విండోస్‌ను మోసుకు తిరగకండి, షేర్ ఫోల్డర్‌ను కొత్త కంప్యూటర్‌లోనే నేరుగా పెట్టుకోండి. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. సగం ఫోల్డర్లు బయటికి వచ్చేశాయి. మిగిలినవి ఆ ఎక్సెల్ లింకుల వల్ల ఆగాయి, వారానికి కొన్ని చొప్పున నంబర్ తీసి పేరు పెట్టి సరిచేస్తున్నాను. స్కానర్ ఒక్కటి మారితే వర్చువల్ మెషిన్‌లో ఎస్‌ఎంబీ1ను కూడా ఆపేస్తాను.